కొత్త సోఫా, కొత్త బండలు, ఇంటికి వచ్చే రోగి

రోగి కుటుంబ సభ్యులకు,

పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చే రోజుల్లో ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని ఫర్నిచర్ షాపుల ముందు ఆటోలు, ట్రాక్టర్లు వరుసగా ఆగి ఉంటాయి. దసరాకు ఒక డిజైను, సంక్రాంతికి ఒకటి, ఉగాదికి, పెళ్ళిళ్ల కాలానికి మరొకటి వస్తుంది. ఒకప్పుడు ఇంటికి ఒక నవారు మంచం, ఒక బీరువా, నాలుగు ఇనుప కుర్చీలు ఉంటే చాలు. ఇప్పుడు మూలకు సరిపోయే పెద్ద సోఫా, కింద సామాను పెట్టుకొనే పెట్టె మంచం, మెత్తని ఫోమ్ పరుపు, గోడకు ప్లాస్టిక్ షీట్లు, లైట్లు దాచిన ఫాల్స్ సీలింగు, అద్దం లాంటి టైల్స్ పల్లెటూళ్లకు కూడా వచ్చాయి. ఇల్లు అందంగా ఉండాలని ఎవరికి ఉండదు? దానిని తప్పు పట్టడానికి నేను ఇది రాయడం లేదు. అయితే జబ్బు చేసిన మనిషి ఉన్న ఇంట్లో ఏ వస్తువు కొనాలి, దానిని ఎక్కడ పెట్టాలి అన్నది కూడా మందు బిళ్లలతో సమానమైన సంగతే. డిశ్చార్జి రోజున మందుల గురించి చెప్పినంత వివరంగా మేము దీనిని చెప్పము. అది మా లోపమే.

కొన్ని సంవత్సరాల క్రితం ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుండి ఒక అవ్వ పక్షవాతంతో మా వార్డులో చేరింది. ఎడమ చేయి, ఎడమ కాలు పట్టు తప్పాయి. మూడు వారాలకు కర్ర సాయంతో పది అడుగులు వేయగలిగింది. కొడుకు తల్లి మీద ఎంతో ప్రేమ గలవాడు. "సిస్టరమ్మా, అమ్మ వచ్చేలోపల ఇల్లంతా కొత్తగా చేసినాం. పాత బండలు తీసేసి టైల్స్ ఏయించినాం, అద్దం మాదిరి ఉండాయి చూడు" అని సెల్‌ఫోన్‌లో ఫోటో చూపించాడు. నేను "బాగుంది నాయనా" అన్నాను. ఆ ఒక్క మాట అని ఊరుకున్నందుకు ఇప్పటికీ బాధపడతాను. తొమ్మిదో రోజున ఆ అవ్వను మళ్ళీ తీసుకొచ్చారు. తెల్లవారుజామున స్నానాల గదికి పోతూ, ఎవరో కాళ్లు కడుక్కొని వచ్చిన తడి మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పక్షవాతం నుండి కోలుకుంటున్న మనిషి ఆపరేషను చేయించుకొని మళ్ళీ మంచం పట్టింది.

వయసు మళ్ళిన ఆడవాళ్ల ఎముకలు గుల్లబారి ఉంటాయి. నిలుచున్న ఎత్తు నుండి పడినా చాలు, తుంటి విరుగుతుంది. పాత బండలకు, అంటే ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయిన బేతంచెర్ల నుండి వచ్చే బండలకు, పూర్తిగా నునుపు చేయకుండా పరిస్తే కొద్దిగా గరుకు ఉంటుంది, అరికాలికి పట్టు దొరుకుతుంది. నున్నటి టైల్స్ పొడిగా ఉన్నప్పుడు ఫర్వాలేదు. నాలుగు చుక్కల నీళ్లు, నూనె, లేదా పిల్లలకు పూసిన పౌడరు పడితే మాత్రం నిలువవు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే హాలుకు ఏ టైల్స్ వేయించుకున్నా, స్నానాల గదికి, దానికి పోయే దారికి, వంటింటి గడప దగ్గరికి మాత్రం గరుకు రకం అడిగి వేయించుకోండి. ఇప్పటికే నున్నటివి వేసి ఉంటే వాటిని పీకించనవసరం లేదు. కింద రబ్బరు పట్టు ఉన్న చాపలు, గోడకు బిగించే స్టీలు పట్టుకమ్మి, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, ఈ మూడు పెడితే చాలు. పట్టుకమ్మి బల్లి లాగా అతుక్కొనే రకం కాకుండా, గోడలోకి స్క్రూలు దించి బిగించినదై ఉండాలి. తువ్వాలు తగిలించే కమ్మిని నమ్ముకోవద్దు, అది మనిషి బరువుకు ఊడి వస్తుంది. అలాగే గుమ్మం ముందు వేసే కాళ్లు తుడుచుకొనే పట్టాలు, పాత చీరలతో అల్లిన చాపలు జారుతుంటే రోగి తిరిగే దారిలో నుండి తీసివేయండి.

ఇక మంచం సంగతి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే గనుక కొంచెం వివరంగా చెబుతాను.

రోగి మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు సమంగా వంగి ఉండాలి. అది సరైన ఎత్తు. చాలామందికి పరుపుతో కలిపి పద్దెనిమిది అంగుళాల దగ్గర సరిపోతుంది, పొట్టివారికి ఇంకా తక్కువ. ఇప్పటి మోజు చూస్తే కొన్ని మంచాలు నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి, కొన్ని మందపాటి పరుపుతో నడుము ఎత్తు ఉంటాయి. రెండూ కష్టమే. తక్కువ ఎత్తు నుండి లేవడానికి తొడల బలం చాలదు, మోకాళ్లు అరిగినవారు ముందుకు తూలిపోతారు. ఎక్కువ ఎత్తైతే పాదాలు ఆనక జారి దిగుతారు. మంచం తక్కువ ఎత్తుగా ఉంటే వడ్రంగి చేత నాలుగు చెక్క దిమ్మెలు చేయించి, కాళ్లు దిగేలా వాటిలో గుంట తీయించి పెట్టండి. ఇటుకలు మాత్రం పెట్టవద్దు, కదులుతాయి.

కింద పెట్టె ఉండే మంచం, మూత పైకి లేచే రకం, ఇప్పుడు పెళ్ళిలో ఇవ్వడం ఆనవాయితీ అయింది. మంచాన పడ్డ మనిషికి అది పనికిరాదు. కారణం చూపులకు తెలియదు, సేవ చేసేవారి నడుముకు తెలుస్తుంది. కాళ్లు ఉన్న మంచమైతే మనం రోగిని పక్కకు తిప్పేటప్పుడు పాదాలు మంచం కిందికి పోతాయి, శరీరం మంచానికి దగ్గరగా ఉంటుంది. పెట్టె మంచమైతే పాదాలు బయటే ఆగిపోతాయి, దూరం నుండి వంగి లాగాలి. ఆరు నెలలు అలా చేసిన కోడలో, కూతురో చివరకు తానే నడుము నొప్పితో ఓపీలో కూర్చుంటుంది. మంచాన్ని గోడకు ఆనించకుండా రెండు వైపులా మనిషి నిలబడేంత చోటు వదలండి. పక్షవాతం వచ్చినవారికి కుర్చీని బలం ఉన్న వైపు పెట్టాలి. లేచి మారేటప్పుడు ఆ చేయి, ఆ కాలే ఆసరా.

పరుపు గురించి చాలామంది అడుగుతారు. "ఎక్కువ రేటుది కొంటే పుండ్లు పడవా సిస్టర్?" ఏ పరుపూ పుండును పూర్తిగా ఆపలేదు. పిరుదుల మధ్య ఎముక, తుంటి పక్కలు, మడమలు, ఈ చోట్ల ఎముకకు పరుపుకు మధ్య చర్మం నలిగి రక్తం ఆడదు, అందువల్ల పుండు పడుతుంది. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చడమే అసలు మందు. పరుపు దానికి సాయం చేస్తుంది. మీ పరుపు పనికివస్తుందా లేదా అన్నది ఇలా చూడండి. రోగి పడుకొని ఉండగా, పిరుదుల కింద వచ్చే చోట, పరుపు అడుగు నుండి మీ అరచేతిని పైకి తిప్పి పెట్టండి. శరీరం బరువు చేతికి నేరుగా తగులుతున్నట్టు ఉంటే ఆ ఫోమ్ అణిగిపోయిందని అర్థం. ఎంత ఖరీదుదైనా ఇక అది చెక్క బల్లతో సమానం. మంచానికే అంటిపెట్టుకొని ఉన్నవారికి గాలి మోటారుతో పనిచేసే గదుల పరుపు మంచిది. అది మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకు కూడా ఇస్తారు. కరెంటు పోతే గాలి తగ్గుతుంది గనుక దానిని మామూలు పరుపు పైనే వేయాలి.

మెత్తగా కూరుకుపోయే మెమరీ ఫోమ్ మా ప్రాంతపు ఎండాకాలానికి వేడి పుట్టిస్తుంది. పైగా బలహీనంగా ఉన్నవారు అందులో తమంతట తాము పక్కకు తిరగలేరు. నడవగలిగిన రోగికి గట్టిగా ఏకి కుట్టించిన దూది పరుపు ఇప్పటికీ మంచిదే. మనది పత్తి పండే నేల, ఏటా పరుపు విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టించే అలవాటు మన పెద్దలకు ఉండేది. దుమ్ము పోయేది, గడ్డలు పోయేవి. ఆ పని ఆయాసం ఉన్నవారికి దూరంగా, బయట చేయించాలి. జిన్నింగు మిల్లుల్లో పనిచేసి ఊపిరి సమస్యలు తెచ్చుకున్నవారు మా ఓపీకి వస్తుంటారు, వారికి ఆ దుమ్ము గిట్టదు.

పక్క మీద వేసే దుప్పటి నూలుది కావాలి. జారే సిల్కు రకం, మెరిసే పాలిస్టరు రకం చెమట పీల్చవు, నానిన చర్మం త్వరగా చిట్లుతుంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేతకారుల సహకార సంఘం పెట్టిన నాటి నుండి ఆ ఊరి పేరు చెబితే దుప్పట్లు, తువ్వాళ్లు గుర్తుకు వస్తాయి. అలాంటి చేనేత నూలు దుప్పటిని నాలుగు మడతలు వేసి నడుము కింద అడ్డంగా పరిస్తే రోగిని ఇద్దరు కలిసి దానితోనే పైకి జరపవచ్చు. చంకల కింద చేతులు పెట్టి లాగితే చర్మం పరుపుకు రాసుకొని పుండు మొదలవుతుంది. రబ్బరు షీటు వేయవలసి వస్తే దాని మీద తప్పకుండా నూలు గుడ్డ ఉండాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మెత్త పెట్టండి. మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి రింగు మెత్తలు కొనవద్దు, అవి అంచుల్లో నొక్కి ఇంకా నష్టం చేస్తాయి. ఎర్రగా మారిన చోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు పోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. దానిని రుద్దవద్దు, నూనె మర్దన చేయవద్దు, ఆ వైపు బరువు పడకుండా చూసి మాకు చూపించండి.

సోఫా గురించి రెండు మాటలు చాలు. లోతుగా, మెత్తగా, చేతులు లేకుండా ఉండే సోఫాలో పెద్దవారిని కూర్చోబెట్టవద్దు. రెండు వైపులా చేతులున్న పాత చెక్క కుర్చీ, సీటు మోకాలి మడత ఎత్తులో ఉన్నది, అటకెక్కించి ఉంటే దించండి. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద వెనక్కి జారుతుంది. అద్దం పెట్టిన టీపాయిని హాలు మధ్యలో నుండి తీసివేయండి. మామూలు చక్రాల కుర్చీ 25, 26 అంగుళాల వెడల్పు ఉంటుంది. తలుపు సందు 30 అంగుళాలైనా లేకపోతే తిప్పడం కష్టం, మన స్నానాల గదుల తలుపులు అంతకంటే ఇరుకు. అలాంటి ఇంట్లో సోఫాకు పెట్టే డబ్బులో కొద్ది భాగం పెడితే సీటు కింద గిన్నె ఉండే కమోడు కుర్చీ వస్తుంది.

ఎండాకాలంలో రోగి గది మార్చుకోవడం మన చేతిలో ఉన్న పని. పాత మట్టి మిద్దెలో, పైన చౌడు మట్టి పరచిన కప్పు కింద, మధ్యాహ్నం చల్లగా ఉండేది. ఇప్పుడు కొత్తగా పైన కట్టిన గదిలో మంచి ఫర్నిచరు వేసి రోగిని అక్కడ పడుకోబెడతారు. సిమెంటు స్లాబు పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రోగి కింది అంతస్తులోనే ఉండాలి. పైకప్పుకు తెల్లసున్నం గాని తెల్లటి కూల్ రూఫ్ రంగు గాని వేస్తే లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే ప్రకటించింది. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున ఫ్యాను ఒక్కటి చాలదు. ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ ఫ్యాను వేయాలి. కూలరు పెడితే ఒక కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. వారానికి ఒకరోజు కూలరు నీళ్లన్నీ పారబోసి, లోపల తోమి ఆరబెట్టాలి. డెంగీ దోమ అలాంటి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు తొట్టి గోడకు అంటుకొని ఉంటాయి గనుక నీళ్లు మార్చితే సరిపోదు, తోమాలి. ఇనుప కూలరును ఎర్తు లేకుండా, తడి చేతులతో ముట్టుకొని షాకు తగిలినవారున్నారు.

ఏసీ కోసం కిటికీలకు షీట్లు కొట్టించి మూసేసిన గదులు చూస్తుంటే నాకు భయం వేస్తుంది, ముఖ్యంగా ఇంట్లో టీబీ రోగి ఉన్నప్పుడు. దగ్గుతో బయటికి వచ్చిన క్రిములు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆ గాలి బయటికి పోతుంది, ఎండ తగిలిన చోట క్రిములు చస్తాయి. గోడకు కొత్త రంగు ముఖ్యం కాదు, కిటికీ ముఖ్యం. మందపాటి, కుచ్చుల కుచ్చుల పరదాలు వద్దు, వారం వారం ఉతకగలిగే పలుచని నూలు పరదాలు చాలు.

వానాకాలానికి ముందు రెండు పనులు. బీరువాను, మంచం తలగడ వైపు చెక్కను గోడ నుండి నాలుగు వేళ్ల దూరం జరపండి. గోడకు అంటించిన ప్లాస్టిక్ షీట్ల వెనక, చెమ్మ పట్టిన ప్లైవుడ్ వెనక బూజు పెరుగుతుంది, ఆస్తమా ఉన్నవారికి దానితో రాత్రిపూట దగ్గు ఎక్కువవుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు నీళ్లు తగ్గిన తరువాత ఇళ్లలో ఏమి మిగిలిందో చూసినవారికి తెలుసు. ఉబ్బిన పొట్టు చెక్కను ఎండబెట్టి మళ్ళీ వాడుకోవడం కుదరదు. ఇనుప మంచం కడిగితే మళ్ళీ మంచమే. పాత మట్టి మిద్దె గోడలు రెండు మూడు రోజుల ముసురుకు నాని ఉంటే, లేవలేని రోగిని ఆ గోడ పక్కన పడుకోబెట్టవద్దు.

రెండవది పాము సంగతి. కొత్త మంచం పాడవుతుందని దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంచి, ఇంటివారంతా చల్లగా ఉంటుందని కింద పడుకొనే ఇళ్లు నాకు తెలుసు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కరిచినట్టు నొప్పి కూడా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తాయి. అప్పుడు మంత్రం, పసరు అని ఆగకుండా వెంటనే 108కు ఫోను చేయాలి. మంచం మీద పడుకొని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే దోమ, పాము, తేలు మూడింటికీ అడ్డు. మంచం ఉన్నది పడుకోవడానికే గదా!

చలి మన దగ్గర పెద్దది కాదు, అయినా బాలింత గదిలో ప్రమాదం ఉంది. తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టడం ఇప్పటికీ కొందరు మానలేదు. మూసిన గదిలో బొగ్గు కాలితే రంగు, వాసన లేని విషవాయువు పుడుతుంది. తల్లీబిడ్డ నిద్రలోనే పోవచ్చు. బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి ఎద మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, పైన దుప్పటి గాని కంబళి గాని కప్పండి. షాపుల్లో అమ్మే రంగురంగుల పసిపిల్లల పరుపు సెట్టు, చుట్టూ మెత్తలు, బొమ్మల దిండ్లు, చూడటానికి ముద్దుగా ఉంటాయి. పసిబిడ్డకు మెత్తటి పరుపు, దిండు ఊపిరి ఆడనీయవు. గట్టిగా, సమంగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. నడక నేర్చిన పిల్లలున్న ఇంట్లో టీవీ స్టాండును, షోకేసును గోడకు మేకుతో బిగించండి, పిల్లలు సొరుగులు పట్టుకొని ఎక్కుతారు.

ఇక కొత్త వాసన. కొత్త ప్లైవుడ్‌లో, పొట్టు చెక్క అల్మారాల్లో వాడే జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరి వస్తుంది. కళ్లు మండుతాయి, ఆస్తమా ఉన్నవారికి ఆయాసం వస్తుంది. అందుకే రోగి ఇంటికి రావడానికి ముందురోజు కొత్త బీరువా దించవద్దు. కొన్ని వారాల ముందే తెప్పించి, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదనే నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పాత ఆయిల్ పెయింటులో సీసం ఎక్కువ ఉండవచ్చు. తలుపులు, కిటికీలు గీకించేటప్పుడు నీళ్లతో తడిపి గీకించండి, గర్భిణులను, పిల్లలను ఆ రోజుల్లో వేరే ఇంటికి పంపండి, పొట్టును ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి.

ఆ అవ్వ తరువాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. డిశ్చార్జికి రెండు మూడు రోజుల ముందు ఇంటి నుండి ఒకరిని ఇవి కొలిచి రమ్మంటాను: మంచం ఎత్తు, స్నానాల గది తలుపు వెడల్పు, మంచం నుండి ఆ తలుపు దాకా ఎన్ని అడుగులు, మధ్యలో ఎన్ని గడపలు. టేపు లేకపోతే పురికొసతో కొలిచి ముడులు వేసుకొని రండి. ఆ కొసను వార్డుకు తెస్తే రోగిని పక్కన నిలబెట్టి, ఆమె మోకాలి ఎత్తుతో సరిచూసి, ఏమి మార్చాలో అక్కడే చెబుతాము. ఫోటో తెచ్చినా సంతోషమే, కాని ఈసారి నేల మీద నీళ్లు చల్లి, దాని మీద ఒకసారి మీరే నడిచి చూసి రండి.